ఆర్ విలువ 0.9999, అయినా కింది లెవెల్ 6 శాతం తక్కువ. తప్పు నా చేతిదేనా?

జిగని_జీవి
టెల్మిసార్టాన్ 40 + అమ్లోడిపిన్ 5 బీపీ మాత్రల మీద పని చేస్తున్నాను. హెచ్‌పీఎల్‌సీలో (మందుల్ని విడదీసి కొలిచే యంత్రం) ఒకే ఇంజెక్షన్‌కి రెండు పీకులూ, అంటే గ్రాఫ్‌లో ఒక్కో మందుకి ఒక్కో శిఖరం, వస్తాయి. డిటెక్టర్ 237 నానోమీటర్లు, ఇంజెక్షన్ 20 మైక్రోలీటర్లు. అమ్లోడిపిన్‌తో పేచీ లేదు, ఏడిపిస్తున్నది టెల్మిసార్టానే. అసేకీ (మాత్రలో మందు ఎంతుందో) డిసల్యూషన్‌కీ (అది ఎంత త్వరగా కరుగుతుందో) ఒకటే క్యాలిబ్రేషన్ కర్వ్ ఉండాలని మా లీడ్ పట్టు. అందుకని 10 శాతం నుంచి 150 శాతం దాకా ఆరు లెవెల్స్ పెట్టాను. 100 శాతం అంటే 200 పీపీఎం (లీటరుకి 200 మి.గ్రా.).

కాన్సంట్రేషన్, దాని ఎదురుగా పీకు ఏరియా (వేలల్లో, మూడు ఇంజెక్షన్ల సగటు):
20 : 241
50 : 602
100 : 1206
200 : 2409
250 : 2970
300 : 3520

ఎక్సెల్‌లో గీత గీస్తే స్లోప్ (వాలు) 11.77, ఇంటర్‌సెప్ట్ (కాన్సంట్రేషన్ సున్నా దగ్గర గీత ఎత్తు) 20.1, ఆర్ (చుక్కలు గీతకి ఎంత దగ్గరో చెప్పే అంకె, 1 అయితే సరిగ్గా గీత మీదే) 0.9999. ఇంటర్‌సెప్ట్ 100 శాతం ఏరియాలో 0.8 శాతమే, మా ప్రోటోకాల్ లిమిట్ 2 శాతం. అన్నీ పాస్.

కానీ అదే 20 పీపీఎం స్టాండర్డ్‌ని (గాఢత ముందే తెలిసిన ద్రావణం) శాంపిల్‌లా పెట్టి లెక్కిస్తే 18.8 వస్తోంది. 94 శాతం. మూడుసార్లు కొత్తగా తూచి చేశాను, మూడుసార్లూ అంతే. డిసల్యూషన్‌లో 10 నిమిషాల శాంపిల్ కూడా ఎప్పుడూ తక్కువే. మా లీడ్ తీర్పు: "ఆర్ బ్రహ్మాండంగా ఉంది, నీ పిపెటింగే బాగాలేదు." ల్యాబ్ అందరి ముందూ అన్నారు. నా మైక్రోపిపెట్‌ని క్యాలిబ్రేషన్‌కి బయటికి పంపించేశారు కూడా. మూడుసార్లూ ఒకే వైపు, ఒకే అంత తప్పు చేసే చెయ్యి ఎక్కడైనా ఉంటుందా?

బేస్‌లైన్_బాబు
0.9999 వచ్చాక కూడా నిద్ర పట్టడం లేదంటే నువ్వు క్యూసీకి (నాణ్యత పరీక్షల విభాగం) పనికిరావు తమ్ముడూ. ఏడీకి (పరీక్షా పద్ధతులు తయారుచేసే విభాగం) వెళ్లిపో.

పాత_లాంపు
నవ్వులాట తర్వాత. ముందు ఒకటి చెప్పు: ఆరు లెవెల్సూ స్టాక్ (చిక్కటి మూల ద్రావణం) నుంచి విడివిడిగా చేశావా, లేక 300లోంచి 200, 200లోంచి 100 అని కిందికి దిగావా? రెండోదైతే పైన చేసిన తప్పు మెట్టుమెట్టుకీ పోగవుతూ వస్తుంది. మీ లీడ్ మాటలో అంతో ఇంతో నిజం ఉన్నట్టే.

జిగని_జీవి
విడివిడిగానే అన్నా. 1000 పీపీఎం స్టాక్. కొంచెం ఎన్‌ఏఓహెచ్ (క్షారం) వేసి మిథనాల్‌లో కరిగించాను. 20కీ 50కీ మైక్రోపిపెట్, మిగతావాటికి గాజు పిపెట్లు, ఏ క్లాసు. మైక్రోపిపెట్ వాడింది కింది రెండింటికే కాబట్టి అనుమానం దాని మీద పడింది.

రెసిడ్యువల్_రాణి
పిపెట్‌ని పంపేముందు క్యాలిక్యులేటర్ తీసి ఉంటే సరిపోయేది. ఒక్కో ఏరియాని దాని కాన్సంట్రేషన్‌తో భాగించు. నేను చేసి పెడుతున్నా:

12.05
12.04
12.06
12.045
11.88
11.73

కింది నాలుగూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. జారింది పై రెండే. 250 దగ్గర 1.4 శాతం, 300 దగ్గర 2.6 శాతం. నీ 20 పీపీఎంకి ఏ రోగమూ లేదు. గీతకి ఉంది.

జరిగింది ఏమిటంటే, మామూలు లీస్ట్ స్క్వేర్స్ (ఎక్సెల్ గీత గీసే పద్ధతి) పెద్ద ఏరియాల మాటే వింటుంది. 3520లో 1 శాతం తేడా అంటే 35, 241లో 1 శాతం అంటే రెండున్నర కూడా లేదు. గీత పై చుక్కల్ని మెప్పించడానికి అటు వంగింది, ఇటు తోక లేచింది. ఆ లేచిన తోకే నీ ఇంటర్‌సెప్ట్ 20. 2409 పక్కన 20 అంటే 0.8 శాతం, ఎవరూ పట్టించుకోరు. అదే 20 నీ 241 పక్కన నిలబడితే 8 శాతం!

ఇంకోటి కూడా చూడు. గీత మీద 200 పీపీఎంని వెనక్కి లెక్కిస్తే 203 వస్తుంది. అంటే అసే 1.5 శాతం ఎక్కువ చూపిస్తుంది.

జిగని_జీవి
మేడమ్, నిజమే. మా బ్యాచ్‌ల అసే ఎప్పుడు చూసినా 101 పైనే. ప్రొడక్షన్ వాళ్లు సంబరపడుతున్నారు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సంతకాల_శాస్త్రి
ఎక్కువ వస్తే ఎవరు అడుగుతారు నాయనా? తక్కువ వస్తేనే ఇన్వెస్టిగేషన్. 18 ఏళ్లుగా క్యూఏలో (రిపోర్టుల్ని ఆమోదించే విభాగం) సంతకాలు పెడుతున్నాను, "అసే 101 ఎందుకు వచ్చింది" అని ఎవరూ నా గది తలుపు తట్టలేదు.

కాలమ్_కామేశ్వరి
ఆర్ గొడవకి ఒక పాత మందు ఉంది. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోమ్ అనే స్టాటిస్టీషియన్ నాలుగు డేటా సెట్లు అచ్చేశాడు. నాలుగింటికీ సగటు అదే, గీత అదే, ఆర్ కూడా అదే, 0.816. గ్రాఫ్ వేస్తే ఒకటి మామూలుగా చెదిరిన చుక్కలు, ఒకటి ఇంద్రధనుస్సులా వంపు, ఒకటి శుభ్రమైన గీతలో ఒక్క చుక్క మాత్రం ఆకాశంలో, ఇంకొకటి నిలువు స్తంభం పక్కన ఒంటరి చుక్క. మీ లీడ్ టేబుల్ మీద ఆ నాలుగు బొమ్మలూ ప్రింట్ తీసి పెట్టు. ఏమీ అనక్కర్లేదు.

బేస్‌లైన్_బాబు
పెట్టాక అప్రైజల్ ఎవరిది?

సంతకాల_శాస్త్రి
ఒక విషయం. ఆర్ 0.999 దాటాలని ఐసీహెచ్ (మందుల గైడ్‌లైన్లు రాసే అంతర్జాతీయ సంస్థ) ఎక్కడా అనలేదు. 2005 నాటి క్యూ2 గైడ్‌లైన్ మొదటి సవరణ, ఆర్1లో ఉన్నది: కనీసం 5 కాన్సంట్రేషన్లు, కోరిలేషన్ కోఎఫిషియంట్, వై ఇంటర్‌సెప్ట్, స్లోప్, రెసిడ్యువల్ (చుక్కకీ గీతకీ మధ్య తేడా) సమ్ ఆఫ్ స్క్వేర్స్, గ్రాఫ్. ఇవి ఇమ్మంది. 0.999 మనం ప్రోటోకాల్‌లో రాసుకున్నది, ఒకరిని చూసి ఒకరం. 2023 నవంబరులో రెండో సవరణ, ఆర్2 వచ్చింది. రెస్పాన్స్ గీతలా లేని పద్ధతుల గురించీ, మల్టీవేరియేట్ (ఒకేసారి చాలా కొలతలు వాడే) క్యాలిబ్రేషన్ గురించీ కూడా అందులో చెప్పారు.

ప్లాస్మా_పద్మ
ఇంత చర్చ అవసరమా? నేను బయోఎనలిటికల్‌లో (రక్తం ప్లాస్మాలో మందుని కొలిచే పని) ఉంటాను, మాకు ఇది రోజూ అన్నం లాంటిది. వెయిటెడ్ రిగ్రెషన్ పెట్టండి, 1/ఎక్స్ స్క్వేర్ (ఎక్స్ అంటే కాన్సంట్రేషన్). చిన్న చుక్క మాటకీ పెద్ద చుక్క మాటకీ ఒకే విలువ ఇస్తుంది. మీ డేటాకే చేసి చూశాను. స్లోప్ 11.91, ఇంటర్‌సెప్ట్ 3.5. వెనక్కి లెక్కిస్తే వచ్చే తేడాలు శాతాల్లో ఇవి: 20 దగ్గర −0.3, 50 దగ్గర +0.5, 100 దగ్గర +0.9, 200 దగ్గర దాదాపు +1, 250 దగ్గర −0.4, 300 దగ్గర −1.6. అన్నీ 2 శాతం లోపే. బయోఎనలిటికల్‌కి ఐసీహెచ్ రాసిన ఎం10 గైడ్‌లైన్‌లో మాకు 15 శాతం దాకా, కింది చివర 20 శాతం దాకా వదులుతారు. మీకు ఇది పండగే.

మారతహళ్లి_పీజీ
అయిపోయింది, పద్మక్క కొట్టేసింది. థ్రెడ్ మూసేయండి. బెంగళూరు సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో నిలబడి చదువుతున్నా, సిగ్నల్ పడేలోపే సొల్యూషన్ దొరికింది.

జిగని_జీవి
అక్కా చాలా థాంక్స్! రేపే పెట్టేస్తాను. మా సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ ఉంది.

రెసిడ్యువల్_రాణి
ఆగు ఆగు. పద్మ గారి లెక్క తప్పని కాదు, అంకెలు సరిపోయాయి. వెయిటింగ్ ఏ జబ్బుకి మందో అది అడగాలి కదా. కాన్సంట్రేషన్ పెరిగేకొద్దీ ఇంజెక్షన్‌కీ ఇంజెక్షన్‌కీ మధ్య చెదురు కూడా పెరిగితే, అప్పుడు పెద్ద చుక్కల్ని తక్కువ నమ్మాలి. అందుకు వెయిటింగ్. ప్లాస్మాలో వెయ్యి రెట్ల రేంజ్‌లో అది ఎప్పుడూ ఉంటుంది.

ఇక్కడ పై చుక్కలు చెదరలేదు, అన్నీ కలిసి ఒకే పక్కకి వంగాయి. వంగిన చువ్వకి రంగేసి తిన్నగా ఉందంటే ఎలా? వెయిటింగ్ పెట్టాక కూడా 200 దగ్గర ప్రతి బ్యాచ్‌నీ 1 శాతం ఎక్కువ చూపిస్తూనే ఉంటావు. 2 శాతం లోపు కాబట్టి ఇక ఎవరూ వెతకరు. నాకు భయం అక్కడే.

ప్లాస్మా_పద్మ
రాణీ, ప్రతిదానికీ రూట్ కాజ్ వెతుక్కుంటూ కూర్చుంటే శాంపిల్స్ ఎవరు చేస్తారు? పైగా చెదురు పెరగడం లేదని నీకెలా తెలుసు? అతను సగటులే ఇచ్చాడు.

రెసిడ్యువల్_రాణి
అది నిజం. జిగనీ, సగటు కాకుండా 18 ఏరియాలూ ఉన్నాయా? ఇంజెక్షన్ల ఆర్‌ఎస్‌డీ (సగటులో శాతంగా చెదురు) ఎంత?

జిగని_జీవి
ఉన్నాయి మేడమ్. అన్ని లెవెల్స్‌లోనూ 0.4 శాతం అటూ ఇటూ.

ప్లాస్మా_పద్మ
చూశావా? ఆర్‌ఎస్‌డీ శాతంలో ఒకేలా ఉందంటే, అసలు చెదురు కాన్సంట్రేషన్‌తో పాటు పెరుగుతోందనే అర్థం. 1/ఎక్స్ స్క్వేర్‌కి ఇంతకంటే మంచి కేసు ఉండదు.

రెసిడ్యువల్_రాణి
ఒప్పుకున్నా. వెయిటింగ్ పెట్టడానికి కారణం ఉంది, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ 0.4 చెదిరే యంత్రం మీద 2.6 శాతం జారుడు చెదురు కాదు, దానికి వేరే సంగతి ఉంది. జిగనీ, ల్యాక్ ఆఫ్ ఫిట్ పరీక్ష చెయ్యి. మూడు ముక్కల్లో చెప్తా. ఒకే లెవెల్‌లో మూడు ఇంజెక్షన్లు తమలో తాము ఎంత తేడాపడ్డాయో ఒకటి. వాటి సగటు గీత నుంచి ఎంత దూరంగా ఉందో రెండోది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎఫ్. ఆరు లెవెల్స్, 18 ఇంజెక్షన్లు కాబట్టి పైన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 4, కింద 12. టేబుల్‌లో 5 శాతం దగ్గర 3.26. దాటితే ఆ గీత ఆ డేటాది కాదు.

జిగని_జీవి
నా మామూలు గీతకి చేశాను. ఎఫ్ 25 దగ్గర వచ్చింది. నేనే తప్పు చేశానేమోనని రెండుసార్లు చూసుకున్నా.

పాత_లాంపు
25 అంటే గట్టిగానే అరుస్తోంది. అయితే ఒక చిన్న మెలిక. మూడు ఇంజెక్షన్లూ ఒకే వయల్ (చిన్న సీసా) నుంచి తీసినవి. అందులో యంత్రం చెదురే ఉంది, తూకం, పిపెట్, ఫ్లాస్క్ చెదురు లేదు. కాబట్టి కింద అంకె చిన్నదై ఎఫ్ కాస్త ఉబ్బుతుంది. విడివిడిగా మూడు ప్రిపరేషన్లు చేసి ఉంటే ఇంత ఉండదు. కానీ తేడాల గుర్తులు చూడండి, కింది నుంచి పైకి: మైనస్, మైనస్, ప్లస్, ప్లస్, ప్లస్, మైనస్. ఆ వంపు కంటికే కనిపిస్తోంది, ఎఫ్ లేకపోయినా చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పైన ఎందుకు వంగింది? ఇద్దరు దొంగలు ఉన్నారు. ఒకటి డిటెక్టర్: పీకు మరీ ఎత్తుగా ఉంటే వెలుతురు చేరక తల నొక్కుకుపోతుంది. రెండోది ద్రావణం: టెల్మిసార్టాన్ నీళ్లంటే పడని మనిషి. స్టాక్‌లో క్షారం ఉంది కాబట్టి కరిగింది, మొబైల్ ఫేజ్‌తో (యంత్రంలో పారే ద్రావకం) పలచన చేశాక 250, 300 దగ్గర కొంచెం కింద కూర్చుని ఉండొచ్చు. ఏదైనా సరే పై ఏరియాలు తగ్గుతాయి, కర్వ్ ఒకేలా వంగుతుంది. స్టాటిస్టిక్స్ ఎంత చేసినా ఈ ఇద్దరిలో ఎవరో చెప్పలేదు.

దొంగని పట్టడానికి ఒక్క వయల్ చాలు. 300 పీపీఎం వయల్ తీసుకుని 20, 10, 5 మైక్రోలీటర్లు ఇంజెక్ట్ చెయ్యి. ఏరియాని మైక్రోలీటర్లతో భాగించు. తక్కువ ఇంజెక్షన్‌లో ఆ అంకె పెరిగితే డిటెక్టర్. పెరగకపోతే వయల్ అడుగున లైటేసి చూడు.

కాలమ్_కామేశ్వరి
పీకు ఎత్తు ఎంతో కూడా చెప్పు.

జిగని_జీవి
300 దగ్గర 1.9 ఏయూ (కాంతిని పీల్చడానికి కొలమానం).

కాలమ్_కామేశ్వరి
హ్మ్.

బేస్‌లైన్_బాబు
"హ్మ్" అంటే ఆడవాళ్ల దగ్గరా డిటెక్టర్ దగ్గరా భయపడాలి.

కాలమ్_కామేశ్వరి
నీ బేస్‌లైన్ డ్రిఫ్ట్ అవుతోంది, చూసుకో.

మారతహళ్లి_పీజీ
సున్నా గుండా గీత లాగేస్తే సరిపోదా? ఇంటర్‌సెప్టే ఉండదు కదా, 8 శాతం గొడవే ఉండదు.

రెసిడ్యువల్_రాణి
ఆరు చుక్కలతో లాగితే స్లోప్ 11.86. 20 దగ్గర 1.6 శాతం ఎక్కువ, 200 దగ్గర కూడా 1.6 శాతం ఎక్కువ. జబ్బు కింది నుంచి నడుముకి మారింది, అంతే. కానీ పై రెండూ తీసేసి నాలుగు చుక్కలతో గీస్తే ఇంటర్‌సెప్ట్ దానంతట అదే 0.3కి దిగిపోతుంది, స్లోప్ 12.05. సున్నా గుండా వెళ్లమని ఎవరూ చెప్పకుండానే వెళ్లింది.

సంతకాల_శాస్త్రి
నాలుగు చుక్కల వాలిడేషన్ (పద్ధతి పని చేస్తుందన్న రుజువు) నా బల్ల మీదికి వస్తే తిప్పి పంపిస్తాను. కనీసం 5. నచ్చని చుక్కల్ని తీసేయడం అనేది ఆడిటర్‌కి విందు భోజనం.

రెసిడ్యువల్_రాణి
తీసేయమనలేదు సార్, చూడమన్నా.

లేటెంట్_లక్ష్మణ్
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. ఇదంతా ఒకే తరంగదైర్ఘ్యాన్ని పట్టుకుని వేలాడటం వల్ల. పీడీఏ (ఒకేసారి చాలా తరంగదైర్ఘ్యాలు చదివే డిటెక్టర్) ఉంటే ఐదారు తరంగదైర్ఘ్యాల్లో ఏరియాలు తీసి పీఎల్ఎస్ (ఒక మల్టీవేరియేట్ మోడల్) పెట్టండి. రెండు మందుల పీకులు సగం కలిసిపోయినా విడదీసి లెక్క చెప్తుంది. నేను ఎంటెక్ ప్రాజెక్టులో క్లాసికల్ లీస్ట్ స్క్వేర్స్, పీసీఆర్, పీఎల్ఎస్ అనే మూడు మల్టీవేరియేట్ పద్ధతులూ పోల్చాను, 25 మిశ్రమాలతో. పీఎల్ఎస్ గెలిచింది.

కాలమ్_కామేశ్వరి
ఇక్కడ పీకులు కలవనే లేదు కదా! ఈగని కొట్టడానికి జేసీబీ.

లేటెంట్_లక్ష్మణ్
కలిసే కాంబినేషన్లూ ఉన్నాయి మేడమ్. మూడు మందుల బీపీ మాత్రలు చూడండి.

పాత_లాంపు
లక్ష్మణ్ చెప్పిందాన్ని కొట్టిపారేయకండి, కానీ ఒక గోతి ఉంది. నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా. ఎప్పుడో ఒక ల్యాబ్‌లో రెండు మందుల మాత్రకి పీఎల్ఎస్ మోడల్ కట్టాం. ట్రైనింగ్ మిశ్రమాలన్నీ ఒకే మిక్స్‌డ్ స్టాక్‌ని పలచన చేసి తయారుచేశాం, మాత్రలో ఉన్న 8:1 నిష్పత్తిలోనే. తేలిక కదా. మోడల్ అద్భుతం, ప్రతి బ్యాచ్ అద్భుతం. స్టెబిలిటీలో (నిల్వ పరీక్ష) చిన్న మందు ఒక్కటే తగ్గిన శాంపిల్ వచ్చింది. పాత పద్ధతిలో 91 శాతం. మా మోడల్ 99 అంది.

అది నేర్చుకున్నది చిన్న మందుని కాదు, పెద్ద మందు ఏరియాని 8తో భాగించడం. ట్రైనింగ్‌లో ఆ రెండూ ఎప్పుడూ చెయ్యీ చెయ్యీ పట్టుకునే తిరిగాయి, ఇక దానికి విడిగా ఎలా తెలుస్తుంది? అందుకే డిజైన్‌లో ఒకటి ఎక్కువ ఉన్నప్పుడు ఇంకొకటి తక్కువ, మళ్లీ తిరగేసి, అన్ని కలయికలూ ఉండాలి. అమ్మకి ఎప్పుడూ పక్కనే పాప ఉంటే, పాప లేని రోజున కూడా "ఇద్దరూ వచ్చారు" అనేసే వాచ్‌మన్ లాంటిది ఆ మోడల్.

లేటెంట్_లక్ష్మణ్
మాది 5 లెవెల్స్, 2 మందులు, అన్ని కలయికలు, అందుకే 25. పైగా ప్రతి కొత్త శాంపిల్‌కీ మహలనోబిస్ దూరం చూస్తాం. ట్రైనింగ్ గుంపుకి దూరంగా ఉంటే మోడల్ జవాబు నమ్మం. మీ 91 శాంపిల్ అక్కడ దొరికేది సార్.

పాత_లాంపు
దొరికేదేమో. అప్పుడు మాకు ఆ పేరే తెలియదు.

సంతకాల_శాస్త్రి
మహలనోబిస్ అనగానే స్టాటిస్టీషియన్ సి. ఆర్. రావు గారు గుర్తొచ్చారు. 1936లో ఆ దూరం కనిపెట్టిన మహలనోబిస్ దగ్గరే, కలకత్తాలో, మన రావు గారు పని చేశారు. పుట్టింది ఇక్కడే కర్ణాటకలో, హూవిన హడగలిలో, 1920లో. చదివింది ఆంధ్రా యూనివర్సిటీ. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు, ఆ ఆగస్టులోనే వెళ్లిపోయారు, 102 ఏళ్లు. మైసూరు రోడ్డులో ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) బోర్డు కనిపించినప్పుడల్లా, మనవాడు నడిపిన సంస్థ కదా అనిపిస్తుంది. మన పిల్లలేమో ఎక్సెల్‌లో ట్రెండ్‌లైన్ నొక్కి ఊరుకుంటారు.

మారతహళ్లి_పీజీ
సార్ ట్రెండ్‌లైన్‌ని అవమానించొద్దు, నా జీతం దాని మీదే.

బేస్‌లైన్_బాబు
అసలు ఈ కాంబినేషన్లు ఎవడు కనిపెట్టాడో. రెండు మాత్రలు విడిగా మింగితే మన బతుకులు బాగుండేవి.

ప్లాస్మా_పద్మ
మా నాన్నగారు వేసుకునేది సరిగ్గా ఈ 40+5 మాత్రే. రోజుకి రెండు మింగమంటే ఒకటి మర్చిపోతారు. నువ్వు తిట్టుకో, నేను మాత్రం కాదు. పనికిమాలినవి బోలెడు ఉన్నాయి, నిజమే. 2018లో 328, మళ్లీ 2024 ఆగస్టులో 156 కాంబినేషన్లని సర్కారు నిషేధించింది. ఇది ఆ బాపతు కాదు.

కాలమ్_కామేశ్వరి
జిగనీ, ఎలాగూ లెక్కలు తిరగేస్తున్నావు కాబట్టి అమ్లోడిపిన్ సాల్ట్ ఫ్యాక్టర్ (లవణం బరువుని అసలు మందు బరువుగా మార్చే అంకె) కూడా ఒకసారి చూసుకో. మాత్ర మీద 5 మి.గ్రా. అంటే బెసిలేట్‌గా (దాని లవణం) 6.93. నా దగ్గర చేరిన ఒక కుర్రాడు స్టాండర్డ్‌ని బెసిలేట్‌గానే లెక్కలో వేసి అమ్లోడిపిన్ 138.7 శాతం అని రిపోర్ట్ చేశాడు. కర్వ్ ఆర్ ఎంతో తెలుసా? 1.0000. స్లోప్ మొత్తం తప్పయినా గీత గీతే కదా.

బేస్‌లైన్_బాబు
138.7 శాతం! బీపీ పేషెంట్‌కి బీపీ కనిపించకుండా పోతుంది.

జిగని_జీవి
ఫ్యాక్టర్ వేశాను మేడమ్. ఈ రోజు మధ్యాహ్నం లాంపు అన్న చెప్పిన పరీక్ష చేశాను. లీడ్ మీటింగ్‌లో ఉన్నప్పుడు, అడక్కుండానే. ఒకే 300 పీపీఎం వయల్:

20 మైక్రోలీటర్లు: 3520. ఒక్కో మైక్రోలీటరుకి 176.0
10 మైక్రోలీటర్లు: 1806. ఒక్కోదానికి 180.6
5 మైక్రోలీటర్లు: 904. ఒక్కోదానికి 180.8

వయల్ అడుగున టార్చ్ వేసి చూశాను, ఏమీ లేదు. అద్దంలా ఉంది.

పాత_లాంపు
దొరికాడు. డిటెక్టర్. నీ 300 నిజంగా 300యే. 180.8ని 20తో గుణిస్తే 3616, నీ కింది నాలుగు చుక్కల గీత 300కి చెప్పే ఏరియా 3614.

రెసిడ్యువల్_రాణి
ఇప్పుడు ఇంజెక్షన్ 5కి దించి ఆరు లెవెల్సూ మళ్లీ చెయ్యి. దించడం ఇష్టం లేకపోతే టెల్మిసార్టాన్‌ని 237 దగ్గర కాకుండా అది తక్కువగా పీల్చే తరంగదైర్ఘ్యంలో చదివించు, అమ్లోడిపిన్‌ని 237లోనే ఉంచు. పీడీఏ ఉంటే రెండూ ఒకే రన్‌లో వస్తాయి.

పద్మ గారూ, ఆ కర్వ్‌కి 1/ఎక్స్ స్క్వేర్ పెడితే నాకు అభ్యంతరం లేదు. అప్పుడది సరైన మందు.

ప్లాస్మా_పద్మ
రాసిచ్చావు కదా, స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

జిగని_జీవి
5 మైక్రోలీటర్లతో అమ్లోడిపిన్ కింది లెవెల్ నిలబడుతుందా అని టెన్షన్. 10 శాతం అంటే 2.5 పీపీఎం.

కాలమ్_కామేశ్వరి
237 దగ్గర హాయిగా నిలబడుతుంది. అనుమానం ఉంటే లెక్క తీయి: కింది లెవెల్స్‌తో విడిగా ఒక చిన్న కర్వ్ వేసి, దాని రెసిడ్యువల్ ఎస్‌డీని (గీత చుట్టూ చుక్కల చెదురు) 10తో గుణించి స్లోప్‌తో భాగించు. ఎల్‌ఓక్యూ (నమ్మకంగా కొలవగలిగే కనిష్ఠ స్థాయి) వస్తుంది. 150 శాతం దాకా ఉన్న పెద్ద కర్వ్‌తో మాత్రం ఆ లెక్క చెయ్యకు, పై చుక్కల చెదురంతా కిందికి మోసుకొచ్చి ఎల్‌ఓక్యూని అనవసరంగా పెంచేస్తుంది.

సంతకాల_శాస్త్రి
ఇక కష్టమైన భాగం. ఆ మెథడ్ వాలిడేషన్ రిపోర్ట్ మీద ఇప్పటికే సంతకాలు పడ్డాయా?

జిగని_జీవి
పడ్డాయి సార్.

సంతకాల_శాస్త్రి
అయితే డీవియేషన్ (తప్పు జరిగిందన్న రికార్డు) రాయాలి, ఛేంజ్ కంట్రోల్ (పద్ధతి మార్చడానికి అనుమతి ఫైలు) తెరవాలి, ఆ కర్వ్‌తో విడుదలైన బ్యాచ్‌ల అసే మళ్లీ లెక్కించాలి. 101 చూపించినవి నిజంగా 99.5 అయితే ఎవరికీ నష్టం లేదు. 96 చూపించింది ఒక్కటైనా ఉందేమో చూడు, దాని నిజం 94.6 చిల్లర. లిమిట్ ఎంతో నీకు తెలుసు. ఈ మాట నువ్వు నోటితో చెప్పకు. ఏరియా భాగం కాన్సంట్రేషన్ కాలమ్, 300 వయల్ మూడు ఇంజెక్షన్లు, ఈ రెండే ఒక్క పేజీలో పెట్టు. ఎవరి పేరూ రాయకు. "పిపెట్" అనే మాట అసలే రాయకు.

బేస్‌లైన్_బాబు
శాస్త్రి గారు ఇన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చారో ఇప్పుడు అర్థమైంది.

మారతహళ్లి_పీజీ
అప్‌డేట్ ఏది? రెండు రోజులైంది.

జిగని_జీవి
రాత్రి సీక్వెన్స్ పెట్టి యెల్లో లైన్ లాస్ట్ మెట్రో పట్టుకున్నా. మధ్యలో కరెంటు పోయిందేమోనని నిద్ర లేదు. పొద్దున్నే వచ్చి చూస్తే పూర్తయింది. 5 మైక్రోలీటర్లు, టెల్మిసార్టాన్, ఏరియా భాగం కాన్సంట్రేషన్:

3.01
3.02
3.01
3.01
3.02
3.01

20 పీపీఎంని శాంపిల్‌లా పెడితే 20.1. అమ్లోడిపిన్ కూడా కింది దాకా బాగానే ఉంది.

రెసిడ్యువల్_రాణి
ఆర్ ఎంత అని మాత్రం నేను అడగను.

పాత_లాంపు
లీడ్ ఏమన్నారు?

జిగని_జీవి
పేజీ చూశారు, రెండుసార్లు చదివారు. "ఇంజెక్షన్ వాల్యూమ్ ఎవరు ఫిక్స్ చేశారు?" అని అడిగారు. మెథడ్ డెవలప్‌మెంట్ రిపోర్ట్ తెరిచి చూపించాను. కింద ఆయన సంతకమే. తర్వాత ఏమీ అనలేదు, ఛేంజ్ కంట్రోల్ నెంబర్ తీసుకోమన్నారు.

ఇందాకే స్టోర్స్ నుంచి ఫోన్ వచ్చింది. నా మైక్రోపిపెట్ పీణ్య నుంచి వచ్చేసిందట, సర్టిఫికెట్‌తో సహా. అన్ని వాల్యూమ్స్ దగ్గరా లిమిట్ లోపే.